ఒక్కరి విస్తరి: పూటకూటి ఇంటి నుండి భిలాయి కాఫీ హౌస్ వరకు

అన్నం విషయంలో మన పూర్వులు ఒంటరి మనిషిని ఏనాడూ మెచ్చుకోలేదు. ఒక్కడే కూర్చుండి తినేవాడు పాపాన్ని మాత్రమే భుజిస్తున్నాడని ఋగ్వేదం పదవ మండలంలోని దానసూక్తం హెచ్చరించినది. తన కొరకే వండుకొనేవారిని గురించి భగవద్గీత మూడవ అధ్యాయం ఇంచుమించు అదే మాట చెప్పినది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని గొప్పదనాన్ని చెప్పదలచి, ఏ ఋతువులో వచ్చిన అతిథికి ఆ ఋతువుకు తగిన వంటకం వడ్డించే గృహస్థుగా ఆయనను చిత్రించినాడు. గోదావరి లంకలలో నిరతాన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారిని (1841-1909) తెలుగువారు నేటికీ అన్నపూర్ణగా తలచుకొంటారు. కొసరి వడ్డించే చేయి, పక్కన కూర్చునే బంతి లేని భోజనం మనకు భోజనంగా తోచదు.

అటువంటి సమాజంలో ఒక మనిషి ఒంటరిగా హోటలుకు వెళ్లి, తనకు నచ్చినది తెప్పించుకొని, ఎవరి ప్రశ్నలకూ బదులు చెప్పనవసరం లేకుండా నింపాదిగా తిని, వెల చెల్లించి లేచి రావడం ఎప్పటి నుండి సాధ్యమయినది? అది ఇల్లు లేని లోటుకు గుర్తు మాత్రమేనా, లేక అందులో ఒక సుఖం, ఆ సుఖం వెనుక ఒక హక్కు కూడా ఉన్నవా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరం అనువైన చోటు. అక్కడికి వచ్చిన తొలితరం వారిలో అత్యధికులు ఒంటరిగా వచ్చినవారే. వారిలో మన తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

పూటకూటి ఇల్లు

వెల ఇచ్చి భోజనం చేయడం తెలుగుదేశానికి కొత్త కాదు. ఓరుగల్లు నగర జీవితాన్ని కళ్లకు కట్టించే క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు వీధులు తిరుగుతూ పూటకూటి ఇంటి ముచ్చట చెప్పుకొంటారు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇవన్నీ ఒక్క రూకకు లభించేవని అందులో ఉన్నది. ఈ కావ్యకర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అనే వివాదం పండితులలో చాలాకాలంగా ఉన్నది. అది ఎట్లున్నా, ఒక మనిషి ఆకలికి ఒక నాణెం విలువ కట్టిన విషయం మాత్రం స్పష్టం. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచనలో ఇటువంటి కావ్యాలనే ప్రధాన ఆధారాలుగా స్వీకరించడంలోని ఔచిత్యం మనకు ఇక్కడ బోధపడుతుంది. రాజశాసనాలలో యుద్ధాలు, దానాలు ఉంటాయి గాని విస్తరిలో ఏమి పడినదో ఉండదు.

ఆ పేరులోనే వ్యవస్థ అంతా ఇమిడి ఉన్నది. పూట అంటే దినంలో సగభాగం, కూడు అంటే అన్నం. పొద్దుటి పూట ఒకసారి, మాపటి పూట ఒకసారి వండుతారు. ఆ వేళకు వచ్చినవారు బంతిగా కూర్చుండి, వండినదే తింటారు. తినేవాడు వెల చెల్లిస్తాడు గాని, వేళను గాని వంటకాన్ని గాని నిర్ణయించడు. పక్కన ఎవరు కూర్చోవాలన్నది కూడా అతని చేతిలో ఉండదు. అది కులం చేతిలో ఉండేది. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం (తొలి ప్రదర్శన 1892, తొలి ముద్రణ 1897) పూటకూళ్లమ్మను మన సాహిత్యంలో శాశ్వతం చేసినది. గిరీశం వంటి మాటకారి ఆమె పెట్టిన అన్నం తింటూ, ఆమె సొమ్మునే వాడుకొంటాడు. బతుకుతెరువు వెదకుకొనవలసి వచ్చిన స్త్రీకి తెరిచి ఉన్న కొద్దిపాటి వృత్తులలో ఇదొకటి. అక్కడ అన్నం పెట్టిన స్త్రీ తానెప్పుడు, ఎక్కడ కూర్చుండి తిన్నదో ఏ కావ్యమూ చెప్పలేదు. ఈ మాట మనం తరువాత జ్ఞాపకం చేసుకొనవలసి ఉంటుంది.

దూరప్రయాణాలలో పరిస్థితి మరింత కఠినం. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో సత్రమున్నదీ, ఎక్కడ ఏ సరుకులు దొరికేదీ ఓపికగా నమోదు అయి ఉన్నవి. వారు పెద్ద పరివారంతో ప్రయాణించినారు. ఆచారం తప్పకుండా తినాలనుకొనేవానికి అప్పట్లో వంటవాడినీ, పాత్రలనూ వెంటబెట్టుకొని పోవడం మినహా మార్గాంతరం లేదు. ఒంటరి ప్రయాణికునికి మూడు రాళ్ల పొయ్యి, మూటలోని అటుకులే దిక్కు.

బంతి నుండి బల్లకు

ఇదే పరిణామం ఇతర దేశాలలో ఎట్లు జరిగినదో చూడడం ప్రయోజనకరం. ఉత్తర సాంగ్ వంశీయుల రాజధాని కైఫెంగ్ నగరంలో భోజనశాలలు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండేవని, వచ్చినవారు ఎవరికి కావలసినది వారు అడిగి తెప్పించుకొనేవారని, 1147లో మెంగ్ యువాన్‌లావ్ రాసిన జ్ఞాపకాల వలన తెలుస్తున్నది. ఐరోపాలో ఈ అలవాటు చాలా ఆలస్యంగా వచ్చినది. ఫ్రాన్సు సత్రాలలో కూడా మన పూటకూటి ఇళ్లలో వలెనే నియమిత వేళకు ఒక పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చుండి, యజమాని వండించినది తినేవారు. 1766లో మతురాఁ రోజ్ ద షాంత్వాజో అనే వ్యక్తి ప్యారిస్ నగరంలో బలహీనులకు సత్తువనిచ్చే మాంసరసాన్ని అమ్మే ఒక శాల తెరిచినాడు. ‘రెస్టారెంట్’ అనే మాటకు మొదటి అర్థం ఆ బలవర్ధకమైన రసమే. ఆ మాట క్రమంగా అది దొరికే చోటుకు పేరయినది. ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది, ఎవరి ఎంపిక వారిది అన్న పద్ధతి అక్కడ స్థిరపడినది. ఒంటరి భోజనాన్ని గౌరవప్రదం చేసినది ఆ చిన్న బల్లే.

మన దేశంలో ఆ బల్ల రైలుబండితో వచ్చినది. స్టేషన్లలో ఫలహారశాలలు వెలసినవి. దక్షిణ కన్నడ ప్రాంతం నుండి వచ్చిన ఉడిపి వంటవారు పట్టణం తరువాత పట్టణంలో ఇడ్లీ, దోసె, కాఫీలతో హోటళ్లు స్థాపించినారు. చెన్నపట్టణంలో కె. కృష్ణారావు గారి వుడ్‌ల్యాండ్స్ 1938లో ప్రారంభమయినది. బొంబాయి మాటుంగాలో రామానాయక్ గారి ఉడిపి భోజనశాల 1942 నాటిది. శుచి, రుచి, వేగం, నిర్ణీతమైన వెల ఈ హోటళ్ల బలం. గుమాస్తాలు, విద్యార్థులు, వ్యాజ్యాల కోసం పట్టణం వచ్చిన రైతులు, గది అద్దెకు తీసుకొన్న బ్రహ్మచారులు వీటి పోషకులు. తెలుగు పట్టణాలలో ‘హోటలు’ అంటే బస అన్న అర్థం వెనుకబడి, భోజనం అన్న అర్థం ముందుకు రావడానికి వీరే కారకులు.

అయితే వేళ మారినంత త్వరగా బంతి మారలేదు. చాలా హోటళ్లకు ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అన్న ఫలకం ఉండేది. ఫలకం లేనిచోట కూడా కూర్చునే గదులు వేరు, నీళ్ల పాత్రలు వేరు. కొన్ని కులాల వారికి లోపలికి ప్రవేశమే లేదు, వాకిట నిలుచుండి తాగవలసినదే. చెన్నపట్టణం తిరువల్లిక్కేణిలో ఒక హోటలు ఫలకం నుండి ‘బ్రాహ్మణ’ అన్న మాటను తొలగించాలని 1957లో పెరియార్ అనుయాయులు దీర్ఘకాలం ఆందోళన చేసినారంటే, రాజ్యాంగం వచ్చిన తరువాత కూడా ఈ అలవాటు ఎంత గట్టిగా వేళ్లూనుకొని ఉన్నదో ఊహించవచ్చును. మన పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారిని ఒకే చాప మీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించినాడని చెప్పుకొని గర్విస్తాము. ఆ చాప వీరగాథలో నిలిచినంత గట్టిగా వీధిలో నిలువలేదన్నది చారిత్రక సత్యం.

ఒకే సంవత్సరం, రెండు పత్రాలు

భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ ఖండం దుకాణాలు, ప్రజా భోజనశాలలు, హోటళ్లు, వినోద స్థలాలను పేరుపేరునా పేర్కొని, మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుని ప్రవేశాన్నీ అడ్డగించరాదని నిర్దేశించినది. దేశ మౌలిక శాసనంలో హోటలు ప్రస్తావన రావడం గమనార్హం. మన దేశంలో మనిషికి మనిషికి మధ్య గోడ ఎక్కడ లేచేదో రాజ్యాంగ నిర్మాతలకు బాగా తెలుసు. ఈ హామీకి శిక్షాబలం చేకూర్చిన అస్పృశ్యతా నేరాల చట్టం 1955 జూన్ 1 నుండి అమలులోకి వచ్చినది. 1976లో దానినే పటిష్ఠం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చినారు.

అదే 1955 సంవత్సరంలో, ఫిబ్రవరి 2న, భారత, సోవియట్ ప్రభుత్వాలు భిలాయిలో పది లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారం నిర్మించడానికి ఒప్పందం చేసుకొన్నవి. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో వరిపొలాల నడుమ ఉన్న పల్లెల సముదాయం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. ఈ రెండు పత్రాలు ఒకే ఏడాదివి కావడం యాదృచ్ఛికమే కావచ్చును. అయినప్పటికీ, పాత అగ్రహారం గాని, పాత బజారు గాని లేని ఒక కొత్త పట్టణం, హోటలు తలుపు అందరికీ తెరవాలన్న చట్టంతో పాటు పుట్టిందన్నది చరిత్ర విద్యార్థిని ఆకర్షించే విషయం.

ఈ పట్టణానికి తెలుగువారు చేరిన దారి కూడా అంతకు ముందే సిద్ధమై ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి రాయపూరు-విజయనగరం మార్గం 1931 నాటికి పూర్తయినది. తూర్పు కనుమలను దాటి వచ్చే ఆ బండి ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపినది. పంట సరిగా పండని సంవత్సరాలలో కూలి కోసం, పరీక్ష ప్యాసయిన సంవత్సరాలలో ఉద్యోగం కోసం, ఉత్తరాంధ్ర యువకులు ఆ బండి ఎక్కినారు. కేరళ, తమిళనాడు, ఒడిశా, బెంగాల్, పంజాబ్, బీహారుల నుండి వచ్చినవారు అక్కడ వారికి తోటివారయినారు.

పూట చెదిరిన పట్టణం

బ్లాస్టు ఫర్నేసును రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడానికి వీలు లేదు. ఒకసారి రాజుకొన్న కొలిమి ఏళ్ల తరబడి మండుతూనే ఉండాలి. అందుచేత దానిని కాచుకొనే మనుషులు మూడు షిఫ్టులలో పనిచేయాలి. ఉదయం ఆరు నుండి మధ్యాహ్నం రెండు, రెండు నుండి రాత్రి పది, పది నుండి మరునాటి ఉదయం ఆరు. ఈ చక్రంలో పడిన మనిషికి ‘పూట’ అన్న మాట అర్థం చెదిరిపోయినది. రాత్రి షిఫ్టు దిగినవానికి తెల్లవారుజామే మాపటి వేళ. రెండు గంటలకు దిగినవానికి మధ్యాహ్న భోజనం సాయంత్రానికి జరుగుతుంది. ఇంట్లో పిల్లలు బడికి వెళ్లేవేళకు తండ్రి నిద్రకు ఉపక్రమిస్తాడు. కుటుంబం ఉన్నవాడు కూడా వారంలో కొన్నాళ్లు ఒంటరిగానే విస్తరి ముందు కూర్చుంటాడు. కుటుంబాన్ని ఊళ్లో వదలి వచ్చినవాని సంగతి చెప్పనక్కరలేదు.

కర్మాగారం లోపల దీనికి క్యాంటీన్లు సమాధానం. 250 మందికి మించి కార్మికులు పనిచేసే ఫ్యాక్టరీలలో క్యాంటీను నడిపే విధంగా నియమాలు చేయడానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షను ప్రభుత్వాలకు అధికారమిచ్చినది. పనిస్థలంలో జరిగిన మార్పును బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ సన్నిహితంగా పరిశీలించినారు. 1993 నుండి పలుమార్లు భిలాయిలో నివసించి ఆయన చేసిన అధ్యయనం 2020లో గ్రంథరూపం దాల్చినది. చుట్టుపక్కల గ్రామాలలో కులాల మధ్య భోజన నియమాలు ఎంతో కఠినంగా ఉన్న తరం నుండి వచ్చినవారే, ఉక్కు కర్మాగారంలో ఒకే బృందంగా పనిచేస్తూ తమ తమ డబ్బాలు విప్పి కలిసి తినడం అలవరచుకొన్నారన్నది ఆయన గమనించిన ముఖ్య విషయాలలో ఒకటి. కరిగిన ఇనుము ముందు ఒకరి ప్రాణం మరొకరి జాగ్రత్త మీద ఆధారపడి ఉన్నప్పుడు, పక్కవాని చేతి ముద్ద మైలపడుతుందన్న భావన ఎంతో కాలం నిలువలేదు.

అయితే కలిసి తినడం వేరు, ఎవరి ప్రమేయమూ లేకుండా తినగలగడం వేరు. మొదటిది స్నేహం ఇచ్చినది, రెండవది పట్టణం ఇచ్చినది. పవర్ హౌస్, సుపేలా బజారులలోని చిన్న హోటళ్లు, సెక్టార్లలోని అంగళ్లు, సివిక్ సెంటర్ పరిసరాలు షిఫ్టు దిగినవారికి ఆ రెండవ వసతిని కల్పించినవి. పోహా, జిలేబీ తినే స్థానికుని పక్కనే ఇడ్లీ కోరే తెలుగువాడు కూర్చున్నాడు. ఛత్తీస్‌గఢ్ రైతు రాత్రి అన్నంలో నీరు పోసి పొద్దున తినే బాసీ, మన చద్దన్నానికి తోబుట్టువేనని గ్రహించడానికి అతనికి ఎక్కువ రోజులు పట్టి ఉండదు.

కాఫీ హౌస్ బల్ల

ఈ కథలో ఇండియన్ కాఫీ హౌస్‌కు ప్రత్యేక స్థానం ఉన్నది. కాఫీ వాడకాన్ని పెంచడానికి కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయి చర్చిగేటు వద్ద మొదటి శాల తెరిచినది. తరువాత కాఫీ బోర్డు వీటిని దేశమంతటా విస్తరింపజేసి, 1950ల మధ్యలో మూసివేయ నిశ్చయించినది. ఉద్యోగం పోనున్న కార్మికులు ఎ.కె. గోపాలన్ గారి నాయకత్వంలో సహకార సంఘాలుగా ఏర్పడి, ఆ శాలలను తామే నడుపుకొన్నారు. మొదటి సంఘం బెంగుళూరులో 1957 ఆగస్టులో ఏర్పడినది. ఢిల్లీ శాల 1957 అక్టోబరు 27న తెరుచుకొన్నది. జబల్పూరు కేంద్రంగా గల సహకార సంఘం మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలలో శాఖలు నడుపుతున్నది. భిలాయి శాఖలు ఆ కోవలోనివే. ఒక కార్మిక పట్టణంలో కార్మికులే యజమానులైన భోజనశాల ఉండడం ఎంతో సముచితం.

ఈ వ్యాసకర్తకు కార్యార్థమై భిలాయి వెళ్లినప్పుడు అక్కడ ఒంటరిగా కూర్చునే అవకాశం కలిగినది. సర్కారీ పర్యటనలు చేసేవారికి ఒంటరి భోజనం కొత్త కాదు. అతిథిగృహంలో అది ఒక విధి మాత్రమే. ఇక్కడ మాత్రం భిన్నంగా తోచినది. కుచ్చుతలపాగా, నడుముపట్టీ ధరించిన సర్వరు నీళ్లగ్లాసు పెట్టి, పేరు గాని ఊరు గాని అడుగక, ఏమి కావాలని మాత్రమే అడిగినాడు. మూల బల్ల దగ్గర ఒకాయన హెల్మెటు పక్కన పెట్టుకొని, దోసెను చివరల నుండి మధ్యకు క్రమపద్ధతిలో తింటున్నాడు. ఇంకొక బల్ల దగ్గర ఆసుపత్రి ఉద్యోగిని కాబోలు, ఒక మధ్యవయస్కురాలు కాఫీ గుక్క గుక్కకూ విరామమిస్తూ వార్తాపత్రిక చదువుకొంటున్నది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. ఒంటరి భోజనంలోని సుఖం ఏమిటని అడిగితే నాకు స్ఫురించే సమాధానం ఆ దృశ్యమే. ఇంట్లో తినేటప్పుడు మనం తండ్రిగానో, తల్లిగానో, అల్లుడుగానో తింటాము. విందులో హోదాను బట్టి తింటాము. ఇక్కడ ఆకలి గల ఒక పౌరునిగా తింటాము. రుచి మీద మనసు నిలుస్తుంది. వేడి తగ్గకముందే తినవచ్చును, చల్లారనిచ్చి తాగవచ్చును. కొసరడానికీ, వద్దనడానికీ ఎవరూ లేరు. ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు అని తెలుగు భాష ఏనాడో గుర్తించినది.

ఎవరికి దక్కిన సుఖం?

ఈ సుఖం అందరికీ ఒకేసారి దక్కలేదని చెప్పకపోతే చరిత్ర అసమగ్రం అవుతుంది. ముందుగా స్త్రీల సంగతి. ఒంటరి భోజనం వారికి కొత్త కాదు. ఇంటిల్లిపాదికీ పెట్టి, చివరకు వంటింటి మూలన మిగిలినది తినే ఇల్లాలి కంటె ఒంటరిగా తినేవారెవరు? అది ఆమె కోరుకొన్న ఏకాంతం కాదు. హోటలులో మాత్రం చాలాకాలం ఆమె ఒంటరిగా కనబడడమే తప్పుగా భావించబడినది. తెర వేసిన ‘ఫ్యామిలీ రూము’లు ఆమెకు ప్రవేశం కల్పిస్తూనే, తోడు ఉండాలన్న నిబంధనను చెప్పకనే చెప్పినవి. రాజ్యాంగంలోని అధికరణం కులంతో పాటు లింగాన్ని కూడా పేర్కొన్నదని మనం తరచు మరచిపోతాము. కాఫీ హౌస్‌లో పత్రిక చదువుకొంటున్న ఆ ఉద్యోగిని ఆ అధికరణాన్ని తలచుకొని ఉండకపోవచ్చును గాని, దానిని అమలు జరుపుతున్నది ఆమెయే.

రెండవది, వెల. కర్మాగారపు స్థిర ఉద్యోగి కూర్చున్న బల్ల దగ్గర కాంట్రాక్టు కూలీ కూర్చోవడాన్ని నేడు ఏ ఫలకమూ అడ్డగించదు. అతని దినవేతనం అడ్డగిస్తుంది. 2022 మే డే నాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం శ్రామికుల గౌరవార్థం బోరే బాసీ తినాలని పిలుపునిచ్చినప్పుడు, కూలివాని గిన్నెలోని అన్నం ఒక్కరోజు అందరి బల్లల మీదికీ వచ్చినది. 2016లో రాయపూరులో ప్రారంభమయిన గఢ్ కలేవా, చీలా, ఫరా వంటి పల్లె వంటకాలకు హోటలు గౌరవం కల్పించినది. ఇవి మంచి ప్రయత్నాలు. పల్లె వంటకం బల్ల మీదికి చేరినది గనుక, దానిని వండుకొనే మనిషి బల్ల ముందుకు చేరడం తరువాతి మెట్టు కావాలి.

మూడవది, మన సొంత గ్రామాలు. రెండు గ్లాసుల పద్ధతి చట్టం దృష్టిలో 1955లోనే నేరమయినది. అయినా ఆ తరువాత దశాబ్దాల పాటు తెలుగు పల్లెల టీ అంగళ్లలో దానిని గురించిన ఫిర్యాదులు వస్తూనే ఉన్నవి. పట్టణపు కాఫీ హౌస్‌లో ఏకాంతం ఒక విలాసంగా కనిపించవచ్చును. పల్లె టీ అంగడి బల్ల మీద అందరితో పాటు అదే గ్లాసులో తాగుతూ, ఎవరి దృష్టిలోనూ పడకుండా కూర్చోగలగడం మాత్రం నేటికీ కొందరికి పోరాడి గెలుచుకొనవలసిన హక్కు.

క్రీడాభిరామం నాటి రూక మొదలు నేటి బిల్లు వరకు మనం నడిచిన దూరాన్ని వెల పెరుగుదలతో కొలవడం సరికాదు. బంతిలో చోటు పుట్టుకను బట్టి లభించిన కాలం నుండి, బల్ల దగ్గర చోటు ఆకలిని బట్టి లభించే కాలానికి రావడమే అసలు ప్రయాణం. అతిథిని ఆదరించే మన సంప్రదాయానికి ఇది విరుద్ధం కాదు. వచ్చినవానిని కులగోత్రాలు అడుగక ముందు అన్నం పెట్టాలన్నదే ఆ సంప్రదాయపు సారం. షిఫ్టు దిగి వచ్చిన మనిషి ముందు నీళ్లగ్లాసు పెట్టి, ఏమి కావాలని మాత్రమే అడిగిన ఆ సర్వరు, తనకు తెలియకుండానే ఆ సారాన్ని పాటిస్తున్నాడు. ఆ ఒక్క ప్రశ్నే అడిగే హోటళ్లు ప్రతి ఊరిలోనూ ఉండాలని, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే స్తోమత ప్రతి శ్రామికునికీ కలగాలని కోరుకొందాము.